ఫోన్‌కి లెన్స్ తగిలించి కంటి పరీక్ష.. షుగర్ ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివే!

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో షుగర్ ఉన్నవాళ్లు కంటి పరీక్షను ఎందుకు వాయిదా వేస్తారు? "బాగానే కనిపిస్తోంది కదా" అనేది మొదటి మాట. కర్నూలు వెళ్లొస్తే ఒక రోజు కూలి పోతుందనేది రెండోది. సుగ్గికి గుంటూరు వైపు వెళ్లినవాళ్లకైతే నెలల తరబడి ఆ ఊసే ఉండదు.

ఈ ఆలస్యమే ప్రమాదం. షుగర్ వల్ల కంటి వెనకుండే రెటీనా పొరలో సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. దీన్నే డయాబెటిక్ రెటినోపతి అంటారు. మొదట్లో నొప్పి ఉండదు, మసక ఉండదు. చూపు తగ్గిందని తెలిసేసరికే చాలా నష్టం జరిగిపోతుంది.

ఫోన్‌తో ఎలా చూస్తారు?

స్మార్ట్‌ఫోన్ కెమెరా ముందు ప్రత్యేక లెన్స్, చిన్న లైటు ఉన్న పరికరాన్ని అమరుస్తారు. ఆ వెలుగు కంటిపాప గుండా లోపలికి వెళ్తుంది. రెటీనా ఫొటో ఫోన్‌లో పడుతుంది. శిక్షణ పొందిన సిబ్బంది ఫొటో తీసి పంపితే, ఎక్కడో ఉన్న డాక్టర్ చూసి చెబుతారు. అంటే పేషెంట్‌కి బదులు ఫొటో ప్రయాణం చేస్తుందన్నమాట.

బెంగళూరు కంపెనీ రెమిడియో తయారుచేసిన 'ఫండస్ ఆన్ ఫోన్' ఇలాంటిదే. దీనితో తీసిన ఫొటోలపై చెన్నైలో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. సుమారు 300 మంది ఫొటోలను ఏఐ సాఫ్ట్‌వేర్‌తో చూపించి, కంటి డాక్టర్ల నిర్ణయంతో పోల్చారు. చూపుకి ముప్పున్న కేసుల్లో 99 శాతం ఏఐ పట్టేసింది. అయితే ఆ ముప్పు లేనివాళ్లలో కూడా దాదాపు ఐదుగురిలో ఒకరికి ఉన్నట్టు చూపించింది. అందుకే తుది మాట డాక్టర్‌దే.

ఏపీకి కొత్తేం కాదు

ఫొటో ఒకచోట, డాక్టర్ మరోచోట అనే పద్ధతి మన రాష్ట్రంలో ముందే వచ్చింది. 2018లో ముఖ్యమంత్రి ఈ-ఐ కేంద్రాల పేరుతో ప్రభుత్వ సీహెచ్‌సీల్లో ఫండస్ కెమెరాలు పెట్టి, ఫొటోలను దూరంలో ఉన్న నిపుణులకు పంపారు. ఫోన్ పరికరం అయితే ఇంకా చిన్నది. చేతిసంచిలో పెట్టుకుని ఊళ్లో క్యాంపుకే తీసుకెళ్లొచ్చు.

ఇవి గుర్తుంచుకోండి

* ఫొటో అంటే వడపోత మాత్రమే. కంటి లోపలి ప్రెజర్ ఫొటోలో తెలియదు. శుక్లం ముదిరితే ఫొటో సరిగ్గా రాదు.

* టైప్ 2 షుగర్ అని తేలిన వెంటనే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. సమస్య ఉంటే ఇంకా తరచుగా.

* పాప పెద్దదయ్యే చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది. ఆ సమయంలో బైక్ నడపొద్దు.

* ఇంట్లో ఫోన్ టార్చ్ కంట్లోకి కొట్టుకుని సొంత పరీక్షలు చేయొద్దు.

* చూపు ఒక్కసారిగా తగ్గినా, నల్ల చుక్కలు తేలినా, తెర పడ్డట్టున్నా ఫొటో కోసం ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రిపోర్టులో 'డాక్టర్‌ని కలవండి' అని వస్తే మాత్రం కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రి లాంటి చోటికి వెళ్లాల్సిందే. లేజర్, ఇంజెక్షన్ లాంటి చికిత్సలు ఫోన్‌లో జరగవు. ఆ ఒక్క రోజు కూలి పోయినా పర్వాలేదు, చూపు నిలుస్తుంది.