ఆకారాలను కలపడం, విడదీయడం: బూల్ నుంచి వరాఛా దాకా

సూరత్‌లోని వరాఛా అనగానే వజ్రాల సాన గుర్తొస్తుంది. ఎంబ్రాయిడరీ యూనిట్లు కూడా అక్కడ అంతే పేరున్నవి. కంప్యూటర్‌లో గీసిన పువ్వు లేజర్ కటింగ్‌కు వెళ్లిందంటే తప్పు దాగదు. ఒకదానిమీద ఒకటి పడ్డ రెండు రేకులను ఊరికే గ్రూప్ చేసి పంపితే లేజర్ రెండు గీతలనూ కోస్తుంది, రేకు నడుమ చీలుతుంది. వెల్డ్ చేస్తే, అంటే రెంటినీ ఒకే ఆకారంగా కలిపేస్తే, బయటి అంచు ఒక్కటే మిగులుతుంది.

ఈ కలపడం, తీసేయడం వెనకున్న తర్కానికి 1854లో జార్జ్ బూల్ పుస్తకం పునాది వేసింది. 1963లో ఐవాన్ సదర్లాండ్ రాసిన స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రామ్ తెర మీద బొమ్మ గీయడం సాధ్యమని చూపింది. అసలు చిక్కు అంచులు ఖండించుకునే చోట్లను పట్టుకోవడంలో ఉంది. రెండు సరళరేఖలు మహా అయితే ఒక్కచోటే కలుస్తాయి, రెండు క్యూబిక్ బెజియర్ వక్రాలు తొమ్మిది చోట్ల దాకా కలవవచ్చు. 1977లో వైలర్, ఆథర్టన్ బహుభుజులకు ఒక దారి చూపారు. తమను తామే ఖండించుకునే ఆకారాలనూ లెక్కలోకి తీసుకున్న బాలా వట్టి పద్ధతి 1992లో వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అందరూ తెలుసుకోవాల్సిన పేరు అదే.

మధ్యలో 1984 నాటి పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ వర్ణన భాష మరో ప్రశ్న తేల్చింది: గీతల్లో లోపల ఏది, బయట ఏది? మన 'ఠ' చూడండి. నడుమ చుక్క నుంచి పక్కకు ఒక గీత లాగితే మూడు అంచులు దాటుతుంది. బేసి కనుక రంగు పడుతుంది. చుక్క చుట్టూ ఉన్న ఖాళీ నుంచి లాగితే రెండే. సరి కనుక ఖాళీగానే ఉంటుంది. 1989లో వచ్చిన డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో కంబైన్ ఆదేశం పనిచేసేది ఈ సరి-బేసి లెక్క మీదే. అందుకే రెండు ఆకారాలు కంబైన్ చేస్తే ఒకదానిమీద ఒకటి పడ్డ చోట బొక్క పడుతుంది. అదే 'ఠ'ను బ్రేక్ అపార్ట్ ఆదేశంతో విడగొడితే అక్షరం నల్లటి ముద్దవుతుంది, ఎందుకంటే లోపలి ఖాళీ కూడా ఇప్పుడు విడి ఆకారమే.

తెలుగు స్టిక్కర్ కటింగ్ చేసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. పాత ఫాంట్లలో గుణింతం గుర్తులు, వత్తులు విడి ముక్కలు. వెల్డ్ చేయకపోతే ప్లాటర్ బ్లేడు అక్షరం మధ్యనుంచి పోతుంది. చేశాక అక్షరదోషం కనబడితే దిద్దే వీల్లేదు, మళ్లీ టైప్ చేయాల్సిందే. మరో డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్ 10, 2001లో మూల ఆకారాలను చెరపకుండా కలిపే కాంపౌండ్ షేప్స్ తెచ్చింది. అయినా వెల్డ్‌కు ముందు ఒక కాపీ పక్కన దాచుకోవడం ఇప్పటికీ మంచి అలవాటే.