గిబ్లీ స్టూడియో: నెల జీతాల చరిత్ర

గిబ్లీ అనగానే హయావో మియజాకి ఊహాశక్తి గుర్తొస్తుంది. ఆ ఊహను వేల బొమ్మలుగా గీసినవాళ్లకు కూలి ఎలా ముట్టిందన్నది అరుదుగా చర్చకొస్తుంది. ఈ జపాన్ స్టూడియో ఎదుగుదలనూ, తర్వాత పడ్డ ఇబ్బందినీ అర్థం చేసుకోవాలంటే ఆ కూలి లెక్కతోనే మొదలుపెట్టాలన్నది ఈ వ్యాసం వాదన.

1963లో ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్' సీరియల్‌ను తయారీ ఖర్చు కంటే తక్కువకే టీవీకి అమ్మారు. తర్వాత వచ్చిన సీరియళ్లకూ అలాంటి ధరలే దక్కాయి. ఆ లోటు భారం చాలావరకు చిత్రకారుల మీద పడింది. బొమ్మకింత అని కూలి కట్టే పద్ధతి పరిశ్రమంతా పాకింది. 1963లోనే టోయీ యానిమేషన్‌లో చేరిన మియజాకి, మరుసటి ఏడాదే అక్కడి కార్మిక సంఘం కార్యదర్శి అయ్యారు. ఇసావో తకహాతా ఆయనకు ఆ సంఘంలోనే సహచరుడు. గిబ్లీ మూలాలు వెతికేవాళ్లు ఈ సంఘాన్ని దాటవేయకూడదు.

మియజాకి సినిమా 'నౌసికా' (1984) విజయం చూసి, ప్రచురణ సంస్థ టొకుమా షోటెన్ పెట్టుబడి పెట్టడంతో 1985లో గిబ్లీ పుట్టింది. అదే సంస్థలో పత్రిక నడుపుతున్న తోషియో సుజుకి తర్వాత వ్యాపార బాధ్యత అందుకున్నారు. తొలి రోజుల్లో స్టూడియో ఒక అద్దె అంతస్తులో నడిచింది. సినిమా మొదలైతే 70 మంది దాకా తాత్కాలికంగా చేరేవారు, పూర్తికాగానే విడిపోయేవారు. 1988లో 'టొటోరో', 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' జంటగా విడుదలైనా థియేటర్లు నిండలేదు. టొటోరో బొమ్మల అమ్మకం ఊపందుకున్నది ఆ తర్వాతే.

1989లో 'కీకీస్ డెలివరీ సర్వీస్' పెద్ద హిట్టయింది. అప్పుడు మియజాకి పట్టుబట్టింది లాభాల పంపకం కోసం కాదు. చిత్రకారులను శాశ్వత ఉద్యోగులుగా తీసుకోవాలి, వేతనం రెట్టింపు చేయాలి, కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వాలి అన్నారు. పరిశ్రమ నడక తెలిసినవారికి అది సాహసమే. యానిమేషన్ ఖర్చులో 80 శాతం దాకా మనుషుల వేతనమే కాబట్టి, వేతనం పెరిగితే సినిమా బడ్జెట్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. పైగా సినిమా ఉన్నా లేకున్నా ఒకటో తారీఖు ఆగదు.

గిబ్లీ వ్యాపారమంతా ఆ ఒత్తిడిలోంచే రూపుదిద్దుకుంది. ఒక సినిమా ముగిసేలోగా మరొకటి పట్టాలెక్కాలి, ప్రతిదీ ఆడాలి. అందుకే సుజుకి ప్రచారం మీద అంత దృష్టి పెట్టారు, నిప్పాన్ టీవీతో బంధం బిగించారు. 1992లో కొగనేయిలో సొంత భవనం లేచింది. 'ప్రిన్సెస్ మోనోనోకే' (1997) రికార్డులు తిరగరాసింది. 'స్పిరిటెడ్ అవే' (2001) జపాన్‌లో 3,000 కోట్ల యెన్లకు పైగా వసూలు చేసి 2020 దాకా అగ్రస్థానంలో నిలిచింది. స్థిరమైన ఉద్యోగం లేకుండా అంతటి పనితనం ఒకేచోట కుదురుకునేదని నమ్మడం కష్టం.

అయితే ఆ ఏర్పాటు మియజాకి, తకహాతా అనే ఇద్దరు దర్శకుల భుజాల మీద నిలబడింది. వారసుడనుకున్న యోషిఫుమి కొండో 1998లో 47 ఏళ్లకే కన్నుమూశారు. 2013లో మియజాకి విరమణ ప్రకటించారు. అదే ఏడాది, ఎనిమిదేళ్ల శ్రమతో తకహాతా తీసిన 'ప్రిన్సెస్ కగుయా' పెట్టుబడిని థియేటర్లలో రాబట్టలేకపోయింది. 2014లో నిర్మాణ విభాగాన్ని మూసేశారు. దీనికి కగుయా నష్టాన్నే తప్పుపట్టడం సరికాదు. నెలనెలా జీతాలందుకునే బృందానికి ఏడాదికో సినిమా అందించే దర్శకులు లేకపోవడమే అసలు లోపం.

మియజాకి మనసు మార్చుకుని కొత్త సినిమాకు పూనుకున్నాక, 2017లో స్టూడియో మళ్లీ చిత్రకారుల కోసం ప్రకటన ఇచ్చింది. ఈసారి నెలకు 2 లక్షల యెన్ల నుంచి వేతనం, మూడేళ్ల కాంట్రాక్టు. ఒకప్పుడు శాశ్వత ఉద్యోగానికి పట్టుబట్టిన చోట గడువు వచ్చి చేరింది. ఆ సినిమా, 'ది బాయ్ అండ్ ది హెరాన్', 2023లో విడుదలై మరుసటి ఏడాది ఆస్కార్ గెలిచింది. విడుదలైన ఏడాదే నిప్పాన్ టీవీ 42.3 శాతం ఓటింగ్ వాటా తీసుకుని గిబ్లీని అనుబంధ సంస్థగా మార్చుకుంది. సంస్థ భారాన్ని ఒంటరిగా మోయడానికి మియజాకి కొడుకు గోరో ఒప్పుకోకపోవడంతో, అధ్యక్ష పదవి టీవీ సంస్థ నుంచి వచ్చిన అధికారికి దక్కింది.