ఎస్పీఓలు, కమ్యూనిటీ పోలీసింగ్: 1861 నుంచి బస్తర్ దాకా

మొన్న ఒక మాక్ టెస్ట్‌లో పోలీసు–ప్రజా సంబంధాల మీద ప్రశ్న వచ్చింది. కేరళ జనమైత్రి గురించి ఒక పేరా, ఫ్రెండ్లీ పోలీసింగ్ గురించి ఒక పేరా రాసి లేచొచ్చాను. గది రాయ్‌పూర్‌లో పెట్టుకుని ఛత్తీస్‌గఢ్ కేసే వదిలేశాను! మీరు వదలకండి.

ముందు 1861 పోలీసు చట్టం, సెక్షన్ 17 చూడండి. అల్లర్ల భయం ఉండి, ఉన్న పోలీసులు చాలకపోతే చుట్టుపక్కల నివాసులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా తీసుకోవచ్చు. పోలీసు అధికారి అడగాలి, మేజిస్ట్రేటు నియమించాలి, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నదానికి హద్దు ఉండాలి. 1857 తర్వాత తెల్లవాళ్లు తెచ్చిన చట్టం, ప్రజల మీద ప్రేమతో రాసింది కాదు. అయినా ఆ మాత్రం అడ్డుకట్ట ఉంది. 2007 ఛత్తీస్‌గఢ్ పోలీసు చట్టంలో ఆ అధికారం ఎస్పీకి వెళ్లింది. ఏ పరిస్థితుల్లో వాడాలో మాత్రం రాయలేదు.

అప్పటికే, 2005 జూన్ నుంచి, దంతెవాడలో సల్వా జుడుం నడుస్తోంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు చేరారు, కొందరు సరిహద్దు దాటి మన ఖమ్మం అడవులకు వచ్చారు. ఆదివాసీ కుర్రాళ్లు ఎస్పీఓలయ్యారు.

2007లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ముగ్గురి పేర్లు గుర్తుంచుకోండి: సోషియాలజీ ఆచార్యురాలు నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, మాజీ ఐఏఎస్ ఈ.ఏ.ఎస్. శర్మ. సుందర్ బస్తర్ చరిత్ర మీద 1997లోనే పుస్తకం తెచ్చారు. అంటే ఆమెకు ఆ ఊళ్లు పిటిషన్ కోసం కొత్తగా తెలిసినవి కావు.

తీర్పు 2011 జూలై 5న వచ్చింది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం. సుమారు 6,500 మంది ఎస్పీఓలు, అయిదో తరగతి చదువు, రెండు నెలల శిక్షణ, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. శిక్షణలో ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం లాంటివన్నీ కలిపి 24 గంటలు! ఇంజినీరింగ్ చదివి వచ్చిన నాకు పాలిటీ ఒక్కటే ఏడాది పట్టింది. ఆ పాఠాల జాబితాలో కమ్యూనిటీ పోలీసింగ్ కూడా ఉంది.

చాలామంది నోట్స్‌లో "ఆర్టికల్ 14, 21 ఉల్లంఘన" అని రాసి ఆపేస్తారు. ఎవరి హక్కు? గ్రామస్థులది మాత్రమే కాదు, ఆ కుర్రాళ్లది కూడా. అంత తక్కువ చదువుతో, అంత తక్కువ శిక్షణతో వాళ్లను మావోయిస్టుల ముందుకు పంపడం వాళ్ల ప్రాణాలకే ముప్పు అని కోర్టు అంది. తుపాకులు వెనక్కి తీసుకోమంది, ఎస్పీఓలకు రక్షణ కల్పించమని కూడా చెప్పింది. నా దృష్టిలో తీర్పులో అసలు భాగం ఇదే.

అదే ఏడాది రాష్ట్రం సహాయక సాయుధ పోలీసు దళం చట్టం చేసి ఎస్పీఓలను అందులోకి తీసుకుంది. అది కోర్టు ధిక్కారమన్న వాదనను 2025 మేలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు: శాసనసభ చట్టం చేయడమే ధిక్కారం కాదంది. అధికారాల విభజన ప్రశ్నకూ ఈ కేసు పనికొస్తుంది, ఆ పేజీలోనూ ఒక గీత గీసి పెట్టుకోండి.