గెల కొట్టాక మిగిలే నార

రావులపాలెం అనగానే ఎవరికైనా అరటి గెలలే గుర్తొస్తాయి. మార్కెట్ యార్డులో కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బుషావళి, బొంత గెలలు వరసలు తీరి ఉంటాయి. బయట దూర ప్రాంతాలకు వెళ్ళే లారీలు కాచుకుని ఉంటాయి. నేను రాయదలచింది మాత్రం గెల కొట్టాక తోటలోనే మిగిలిపోయే బోదె గురించి, అందులోని నార గురించి. గౌతమి ఒడ్డున లంక తోటల్లో పెరిగి, కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నా రెండు లోకాలూ కలిసేది ఆ నార దగ్గరే.

మా అమ్మమ్మ బోదెను పారేయనిచ్చేది కాదు. లోపలి దవ్వ కూరకి పోయేది. పై డొప్పల్ని ఎండేస్తే గోధుమ రంగుకు తిరిగి పెళుసెక్కేవి. వాటిని నీళ్ళలో నానబెట్టి, అంచు దగ్గర బొటనవేలి గోటితో చీల్చి లాగితే సన్నని పోగు చివరిదాకా తెగకుండా వచ్చేది. ఎండు నార విరుగుతుంది, తడి నార మెలితిప్పినా తెగదు. అందుకే పూలు కట్టే ఆడవాళ్ళు పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకునేవాళ్ళు. పూలతో పాటు నారకూ పరిమళం అంటామే, మా వైపు ఆ నార అరటి నారే. తమలపాకు కట్టలకూ అదే. తరవాత దారం ఉండలు వచ్చాయి, వాటి వెనకే ప్లాస్టిక్ పురి వచ్చింది. నార తీసే చేతులు ఖాళీ అయిపోయాయి. బోదెలు కాలవ గట్ల మీద కుళ్ళుతున్నాయి.

నార కట్టడానికే కాదు, పట్టి ఉంచడానికీ పనికొస్తుంది. పూర్వం మా లంకల్లో గోడ పెట్టాలంటే బంకమట్టిలో వరిగడ్డి వేసి తొక్కేవాళ్ళు. ఉత్త మట్టి ఎండితే బీటలిస్తుంది. గడ్డి పోగులు దాన్ని పట్టి ఉంచుతాయి. ఇంజనీర్లు కాంపోజిట్ అనేదానికి మూలసూత్రం ఇదే. విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో ఎ.వి. రత్నప్రసాద్, కె. మోహనరావు, సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధన చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పళ్ళు కోసేశాక పారేసే గెల కాడ నుంచి నార తీసి, పాలిస్టర్‌లో కలిపి, దాని బలం కొలిచారు. అయితే నార మట్టిలో కలిసిపోతుంది, పాలిస్టర్ కలవదు. సగం దారి అన్నమాట.

మిగతా సగం నార లోపల ఉంది. 1838లో ఫ్రాన్సులో ఆన్సెల్మ్ పాయెన్ మొక్కల నుంచి విడదీసిన సెల్యులోజ్, నారలో అతి సన్నని పోగులుగా పేర్చి ఉంటుంది. వాటి మందం కొన్ని పదుల నానోమీటర్లు. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. సెల్యులోజ్‌లోని స్ఫటిక భాగం, బరువుకు బరువు చూస్తే, బిగువులో ఉక్కును మించుతుంది. కేరళలో బి. దీప బృందం అరటి నారనే తీసుకుని, క్షారంతో ఉడికించి, తెల్లబరిచి, ఆక్సాలిక్ ఆమ్లంలో ఆవిరి పీడనం పెట్టి ఒక్కసారిగా వదిలి ఆ పోగుల్ని విడదీసింది. ఆ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఇలాంటి పోగుల్ని పిండిపదార్థంతో చేసే పల్చటి పొరలో కొద్దిగా కలిపినా పొర గట్టిపడుతుంది, వాడి పారేస్తే మట్టిలో కలుస్తుంది.

చిక్కులు లేకపోలేదు. సెల్యులోజ్‌కు నీరంటే ఇష్టం, చాలా ప్లాస్టిక్‌లకు నీరు గిట్టదు, అందుకే రెండూ తేలిగ్గా కలవవు. ఆరబెడితే పోగులు మళ్ళీ ముద్ద కడతాయి. విడదీయడానికి కరెంటూ రసాయనాలూ ఖర్చవుతాయి.

మనకు అంతకన్నా ముందే ఎదురయ్యే సంగతి ఇంకోటుంది. బోదెలో నూటికి తొంభై వంతులు నీరే. వంద కిలోలు మోస్తే ఎండు నార కిలో అటూఇటుగా వస్తుంది. నీళ్ళు మోయడానికి ఎవరూ లారీ కట్టరు. కాబట్టి నార తీయడం తోట దగ్గరే జరగాలి: ఊబలంక, వెదిరేశ్వరం లాంటి ఊళ్ళలో, యార్డు పక్కన. కోనసీమ కొబ్బరి పీచుకు ఆ దారి దొరికింది. ఆ పీచు పరిశ్రమను చూసే కాయిర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమండ్రిలో ఉంది. అరటి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం కొవ్వూరులోనే ఉంది. రైతు సంఘాలు ఈ రెండు తలుపులూ తట్టాలి. యార్డులో గెలకు ధర పలికినట్టే బోదెకూ ఒక ధర రాసే పలక పెట్టించండి. మిగతా పని చెయ్యగల పిల్లలు మన కాలేజీల్లోనే చదువుతున్నారు.