లంక పొగాకు, రంగూన్ ఓడ

సైట్ సూపర్‌వైజర్‌ని కాబట్టి క్యూరింగ్ అంటే నాకు స్లాబు మీద తడి గోనెలు కప్పి నీళ్లు పట్టడమే. ఆ మాట పొగాకుకీ ఉందని దుబాయ్‌లో ఒక సిగార్ దుకాణం పని చేయించినప్పుడే తెలిసింది. గది గోడలకి దేవదారు చెక్క కొట్టించారు. లోపల తేమ 70 శాతం దగ్గర నిలవాలన్నారు. మామూలు ఏసీ గాలికి ఆకు ఎండి పగులుతుందట, తేమ ఎక్కువైతే బూజు. అలా ఉంచి ఏళ్ల తరబడి మాగబెడతారు.

నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన చుట్టలు రేకు డబ్బాలో పెట్టి, వేసవిలో నీళ్ల కుండ పక్కన నేల మీద ఉంచేవాడు. అటక మీద పెడితే ఊరుకునేవాడు కాదు.

కోనసీమ, రాజమండ్రి తమ్ముళ్లకి లంకలు కొత్త కాదు. గోదావరి వరద తీశాక మిగిలిన ఒండ్రు మీద పొగాకు వేస్తారు. కోసిన ఆకుని పందిరి కింద నీడగాలికి ఆరబెట్టి, తర్వాత మండె వేస్తారు. మండె లోపల వేడి పుడుతుంది. పెద్ద కాంక్రీట్ పోస్తే లోపలి వేడి చూడ్డానికి మనం తీగలు పెడతాం కదా, అక్కడ రైతు చెయ్యే. వేడి ముదరకముందే మండె విప్పి, పై ఆకు లోపలికి, లోపలాకు పైకి వచ్చేలా తిరగేయాలి. ఇలా చేస్తుంటే ముక్కు మండించే ఘాటు తగ్గి ఆకు నల్లబడుతుంది. బద్ధకిస్తే కుళ్లిపోతుంది.

ఈ ఆకు కాకినాడ రేవులో ఓడెక్కి బర్మా పోయి చుట్టలయ్యేది. మన కూలీలూ ఆ రేవు నుంచే పోయారు. కాకినాడ కంటే ముందు కోరంగి పెద్ద రేవు, 1839 తుపానులో దెబ్బతింది. అయినా బర్మావాళ్లు మనల్ని కోరంగీలనే పిలిచారు. మనల్ని ఇక్కడ ఏమని పిలుస్తారో మీకు తెలుసు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల వాళ్లు బర్మా మనుషుల్ని పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లు రాగానే వాళ్లని పొమ్మన్నారు. కడుపు మండింది ఇద్దరికీ, కోపం మాత్రం యజమాని మీదికి పోలేదు. కొట్లాటలో మనవాళ్లు చాలామంది చచ్చిపోయారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు ఓడ దొరకని వాళ్లు అడవుల్లో నడిచి ఇండియా చేరారు, చేరనివాళ్లూ ఉన్నారు.

చుట్ట తాగమని ఇదంతా రాయలేదు. శ్రీకాకుళం వైపు నిప్పు నోట్లో పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్లకి అంగిట్లో క్యాన్సర్ రావడం డాక్టర్లు ఎప్పుడో చూశారు. మా అమ్మమ్మా అలాగే తాగేది.

మొన్న మా రూంలో ఒకాయన ఊరి నుంచి చుట్టల కట్ట తెచ్చాడు. నెలకే ఏసీకి పెళుసెక్కి పొడైపోయింది. ఆ పొడి ఇంకా పారేయలేదు.