దత్తమండలాల మాటా, పాటా: పరాయివాని చెవి

ఒక సీమకు వచ్చిన పరాయివాడు అక్కడి మాటను గురించీ, పాటను గురించీ ఏదైనా వ్రాస్తే మనవాళ్ళు దానిని రెండే విధాలుగా పుచ్చుకుంటారు. పొగిడితే తలకెత్తుకుంటారు, తెగడితే సామ్రాజ్యవాది అని కొట్టిపారేస్తారు. అతడు ఏమి విన్నాడు, ఎవరి నోట విన్నాడు, దేనికోసం విన్నాడు అని అడిగేవారు తక్కువ. అనంతపురం పీఠభూమి విషయంలో ఈ ప్రశ్న వేయదగిందని నా అభిప్రాయం.

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి వదులుకున్నాడు. తన రాజ్యంలో పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద ముట్టజెప్పాడన్నమాట. దత్తమండలాలు అన్న పేరు అందువల్ల వచ్చింది. మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉండి పాలెగాండ్రను అణచి, రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సీమ ఇది. ఆ భక్తి సంగతి వేరే వ్యాసానికి తగిన విషయం.

మాట విన్నవాడు బ్రౌన్. వేమన పద్యాలకూ, నిఘంటువుకూ అతనిని స్మరించే పండితులు అతని మరో పుస్తకం జోలికి పోరు. 1853లో అతడు మద్రాసులో అనంతపురం చరిత్రను 'రాజుల యుద్ధములు' అన్న పేరుతో అచ్చు వేయించాడు. ఇంగ్లీషు అనువాదమూ తనదే. హండె పాలెగాండ్ర కథ అది. 1750కీ 1810కీ నడుమ తెలుగులో వ్రాయబడిందని పుస్తకం మీదనే ఉంది. కోటలు ముట్టడించడం, పేష్కషు చెల్లించడం, చెల్లించలేక కొండలెక్కడం – ఈ వ్యవహారమంతా జనం మాట్లాడుకునే తెలుగులోనే సాగుతుంది.

అదే 1853లో, అదే మద్రాసులో చిన్నయసూరి 'నీతిచంద్రిక' వెలువడింది. రెండూ వచనాలే. ఒకటి పాఠ్యపుస్తకమై తరతరాల విద్యార్థుల చేత బట్టీ పట్టించబడింది; రెండవది మరుగున పడింది. సూరి గారి వచనంలో అందం లేదని నేననను. కాని ఆ కాకీ, తాబేలూ మాట్లాడిన భాషను ఏ ఊరి రైతూ మాట్లాడి ఉండడు. పాలెగాని గుమాస్తా వ్రాతలో కనిపించే తెలుగు మాత్రం సంతలోనూ కచ్చేరీలోనూ చెల్లిన నాణెం. మన వచన చరిత్రకారులు ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడకపోవడం యాదృచ్ఛికం కాదు. వ్యాకరణం ఎవరి చేతిలో ఉందో, చరిత్రా వారి చేతిలోనే ఉండిపోయింది.

అట్లాగని బ్రౌన్‌ను విముక్తిదాతగా చేయబోవడం పొరపాటు. జమాబందీ, కిస్తు, జప్తు, దస్తావేజు వంటి మాటలు తెలియకపోతే కంపెనీ ఉద్యోగికి ఒక్క అర్జీ అర్థం కాదు. అందుకే 1854లో మిశ్రభాషా నిఘంటువు వెలువరించాడు. అవసరం పాలకునిది. అయినా పండితుడు మైల అని దూరం పెట్టిన మాటలకు అచ్చులో చోటు దొరికింది.

ఇక్కడ తుర్కీ దేశం జ్ఞాపకం వస్తుంది. కెమాల్ ప్రభుత్వం 1928లో లిపి మార్చింది. 1932లో భాషా సంఘం పెట్టి అరబ్బీ, పారశీ మాటలను ఏరివేయ నారంభించింది. బడికి ఉన్న 'మెక్తెప్' పోయి 'ఒకుల్' వచ్చింది. కాని 'కితాప్', 'హెసాప్', 'హవా' పోలేదు; జనం వదల్లేదు. మన సంతలో చెల్లే కితాబూ, హిసాబూ అవే. 1934లో పాత ఉస్మానీ సంగీతాన్ని రేడియోలో నిషేధించారు. పల్లెపాటే జాతి సంగీతమన్నారు. ఆ పల్లెపాటను వెదుకుతూ 1936లో ఆదానా ప్రాంతపు గుడారాలలో తిరిగినవాడు హంగరీ సంగీతకర్త బార్తోక్, మళ్ళీ ఒక పరాయివాడు. అదే ఏడు తుర్కీ పండితులు ప్రపంచ భాషలన్నీ తుర్కీ నుంచే పుట్టినవని 'సూర్యభాషా సిద్ధాంతం' ప్రకటించారు.

మనం నవ్వనక్కరలేదు. 1937లో చిలుకూరి నారాయణరావు గారి 'ఆంధ్రభాషా చరిత్రము' వచ్చింది. తెలుగు ద్రావిడ భాష కాదు, ప్రాకృతజన్యమని వారి వాదం. తెలుగు దక్షిణాది భాషల కుటుంబానిదని 1816లోనే ఎల్లిస్, 1856లో కాల్డ్వెల్ చెప్పిన మాటే తరువాతి భాషాశాస్త్రంలో నిలిచింది. నారాయణరావు గారిది సర్కారు సిద్ధాంతం కాదు, పరిశ్రమతో కూడిన పొరపాటు. ఆ తేడా పెద్దది. వారు ఉత్తర కోస్తా నుంచి వచ్చి అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పినవారు, వ్యావహారిక పక్షం వారు. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు 'రాయలసీమ' అని పేరు ప్రతిపాదించినదీ వారే. దానం చేయబడిన సీమ అన్న అవమానం పోయింది. దాని స్థానంలోకి వచ్చింది మాత్రం సింహాసనం. చెరువు తవ్వినవారి పేరు మీద సీమలుండవు కాబోలు.

పాట సంగతి మిగిలింది. 1874 జనవరిలో జె. ఏ. బాయిల్ అనే ఆంగ్లేయుడు 'ఇండియన్ ఆంటిక్వరీ'లో తెలుగు వీరగాథల మీద వ్యాసం వ్రాశాడు. అతడు బళ్లారి ప్రాంతంలో సేకరించిన వాటిలో సర్వాయి పాపని పాట ఉంది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలోని భాగమే. వేరే జిల్లా అయింది 1882లో. పాపడు ఓరుగల్లు వైపు గీతకులంవాడు. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో మొగలాయిల చేతిలో చనిపోయాడు. ఖాఫీఖాన్ పారశీ చరిత్రలో అతడు దోపిడీగాడు. పాటలో మాత్రం కులవృత్తి తనకు చాలదని తల్లితో వాదించే కొడుకు. నూట అరవై యేండ్లు గడిచినా, ఏ జాతీయ సభా తీర్మానించకుండానే, ఆ పాట కృష్ణా తుంగభద్రలు దాటి కన్నడం కలిసిన ఈ నేల మీద బతికింది.

బాయిల్ వ్యాసం వచ్చిన రెండేండ్లకు ధాత కరువు పడింది. 1881 జనాభా లెక్కల్లో బళ్లారి జిల్లా జనం, పదేండ్ల కిందటి లెక్క మీద, అయిదింట ఒక వంతు తగ్గారు. ముందుగా పోయినవారు భూమి లేనివారూ, ఊరూరా తిరిగి పాడి పొట్టపోసుకునేవారూ.