పాత చందమామలు – చీటీలలోని తప్పులు

రాయపూరునుండి విజయనగరమునకు పోవు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఆ మార్గముననే, రాయపూరు దాటిన కొలది దూరమున, మందిర్ హసౌద్ స్టేషను కలదు. బదిలీలపై ఈ ప్రాంతమునకు వచ్చిన తెలుగువారిలో పెక్కుమంది ఆ దారినే వచ్చిరి. వంటసామానుతోపాటు పాత 'చందమామ' కట్టలను గూడ కొందరు వెంట తెచ్చుకొనిరి. పిల్లలు బడిలో హిందీ చదువుకొనినను, ఇంట తెలుగు అక్షరములపై మక్కువ కలిగించినవి ఆ బొమ్మల కథలే.

అట్టి కట్టనొకదానిని వరుసగా పేర్చి, చీటీలు అంటించి, జాబితా వ్రాయు పని యొకప్పుడు నాకు తటస్థించినది. సంపాదకుని స్థానమున చక్రపాణిగారి పేరు అచ్చుపడి యున్నది గదా యని, రచయిత పేరు లేని ధారావాహిక లన్నింటికిని "రచన: చక్రపాణి" అని వ్రాసి, పని ముగిసినదని సంతోషించితిని. అది ఎంత అన్యాయమో తరువాత గాని తెలియలేదు.

చందమామ 1947 జూలైలో మద్రాసున వెలువడినది. బి. నాగిరెడ్డిగారు ప్రచురణకర్త, చక్రపాణిగారు రూపకల్పన చేసినవారు. చక్రపాణి యనునది కలముపేరు. ఆయన అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. 1952నుండి 1980లో తాము మరణించువరకు పత్రిక సంపాదకత్వభారమును మోసినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. కాని ఆ పేరు సంపాదకుని స్థానమున కానరాదు. అచ్చుపడిన పేరునే నమ్మి జాబితా వ్రాయువాడు ఇరువదియెనిమిదేండ్ల కృషిని ఒక్క కలముపోటుతో కొట్టివేసినవాడగును.

దాసరి సుబ్రహ్మణ్యంగారి సంగతియు నిట్టిదే. 1954లో 'తోకచుక్క'తో మొదలుకొని 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' మున్నగు ధారావాహికలను వ్రాసి, బాలుర నెల నెల ఎదురుచూచునట్లు చేసినది వారే. ఆ కథలపై వారి పేరు లేదు. 2010లో వారు కన్నుమూసిరి. వారి కథలు తెలియని తెలుగు ఇల్లు అరుదు. వారి పేరు తెలిసిన ఇండ్లును అంత అరుదే.

చిత్రకారుల విషయమున మరియొక చిక్కు కలదు. 'చిత్ర' యను సంతకమును చూచి స్త్రీ పేరనుకొనుట సులభము, ఆయన టి.వి. రాఘవన్. 'శంకర్' అనగా కె.సి. శివశంకరన్. 'వ.పా.' అనగా మన శ్రీకాకుళమువారైన వడ్డాది పాపయ్యగారు. పొట్టి సంతకమునకు వెనుకనున్న మనిషిని వెదకి వ్రాయనిచో చీటీ సగమే వ్రాసినట్లు.

భాషలు మారినచో పొరపాటు మరింత పెరుగును. తమిళమున ఇది 'అంబులిమామ', మరాఠీలో 'చాందోబా'. పేర్లు వేరైనందున వేర్వేరు పత్రికలని యెంచరాదు. మరియొకవైపు, హిందీ చందమామ 1949లో గాని ఆరంభము కాలేదు. రాయపూరులో దొరికిన హిందీ సంచికల కట్టపై "ప్రారంభము: 1947" అని వ్రాసిన, తెలుగు సంచిక జన్మదినమును హిందీ సంచికకు అంటగట్టినట్లగును.

ఈ చిక్కు మన చందమామకే పరిమితము కాదు. అనంత్ పై గారు 1967లో ఆరంభించిన 'అమర చిత్ర కథ'లో 'కృష్ణ' పుస్తకపు సంఖ్య 11. అంతకు ముందటి పది సంఖ్యలును పాశ్చాత్యుల జానపద కథలకు చెందినవి. ఇది తెలియనివాడు పోయిన పది పురాణకథలకై వెదకుచుండును! పునర్ముద్రణలో అదే 'కృష్ణ'కు 501 అను సంఖ్య వచ్చినది. ఒకే పుస్తకమునకు రెండు సంఖ్యలు. సంఖ్య చూచి ముద్రణకాలమును నిర్ణయించువాడు పప్పులో కాలు వేయక తప్పదు.

అందుచేత ఇప్పుడు నే నొక నియమము పెట్టుకొంటిని. పుటపై నున్నదానిని ఉన్నట్లు మొదటి వరుసలో వ్రాయవలెను. ఇతరాధారములచే తెలిసినదానిని రెండవ వరుసలో, విడిగా వ్రాయవలెను. పేరు లేనిచోట "పేరు ముద్రితము కాలేదు" అని వ్రాయవలెనే గాని, దగ్గర నున్న పేరును తెచ్చి అతికింపరాదు. ఖాళీని మరియొకరు నింపగలరు. తప్పును చూచినవారు మాత్రము వెదకుట మానివేయుదురు.

నేను నా పాత చీటీలను ఒక్కొక్కటిగా ఊడదీసి, క్రొత్తవి అంటించితిని. 'తోకచుక్క' చీటీ రెండవ వరుసలో దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు వ్రాయునప్పుడు, చిన్ననాటి ఋణములో రవ్వంత తీర్చితినను తృప్తి కలిగినది. మన సోదరుల యిండ్లలో అటుకలమీద నున్న కట్టలకును ఎవరో యొకరు చీటీలు వ్రాయవలసియున్నది. తొందరపడక వ్రాయుదురు గాక!